చర్మానికి ముహూర్తం పెట్టకండి

పెళ్లిళ్ల సీజన్ మొదలవుతోందంటే విజయవాడ, గుంటూరు, తెనాలి రోడ్ల మీద కొత్త ఫ్లెక్సీలు లేస్తాయి. పట్టుచీరల షాపు, నగల షాపు, వాటి మధ్యలో స్కిన్ క్లినిక్. ‘పెళ్లికి ముందు ఆరు సిట్టింగ్‌లు’, ‘గుంటలు, మచ్చలు, మంగు మాయం’, ‘అద్దంలాంటి చర్మం’. పక్కన రెండు ఫొటోలు ఉంటాయి. ఎడమ వైపు చామనఛాయలో, మొటిమల గుంటలతో ఒక అమ్మాయి. కుడి వైపు అదే అమ్మాయి నున్నగా, పైగా బాగా తెల్లగా. నునుపునీ తెలుపునీ ఒకే సరుకుగా కలిపి అమ్ముతున్నారు. దానికి పెళ్లి తేదీని గడువుగా పెడుతున్నారు. నా అభ్యంతరమంతా ఈ రెండింటి మీదే.

ముఖం మీది గుంటలు తగ్గించుకోవాలనుకోవడం తప్పని చెప్పేవాళ్లలో నేను లేను. ‘మనసు మంచిదైతే చాలదా, ముఖానిదేముంది’ అని తేలిగ్గా అనేసేవాళ్లు చాలావరకు ముఖం నున్నగా ఉన్నవాళ్లే. మా అమ్మమ్మ తరంలో అమ్మవారు పోసి బతికి బయటపడ్డవాళ్లు ఊరూరా ఉండేవాళ్లు. మన దేశంలో మశూచి చివరి కేసు 1975లో నమోదైంది కాబట్టి ఆ తర్వాత పుట్టినవాళ్లకు ఆ గుంటలు ఎలా ఉంటాయో తెలియదు. అలాంటి ముఖం ఉందని సంబంధాలు కుదరక, రెండో పెళ్లివాళ్లకు ఇచ్చి చేసిన ఆడపిల్లల కథలు మా ఇంట్లోనే ఉన్నాయి. ఇప్పుడు మశూచి లేదు, మొటిమలున్నాయి. ఫొటో దిగాలంటే ఒక పక్కకే తిరిగేవాళ్లు, ఆఫీసులో ట్యూబ్‌లైటు నేరుగా పడని కుర్చీ వెతుక్కునేవాళ్లు నాకు తెలుసు. అందులో మగపిల్లలూ ఉన్నారు. వాళ్ల బాధ నిజం, దానికి వైద్యం ఉందన్నదీ నిజం.

మా చెల్లెలి కూతురికి ఇంటర్‌లో మొదలైన మొటిమలు బీటెక్ అయ్యేదాకా తగ్గలేదు. రెండు చెంపల మీదా గుంటలు మిగిల్చి పోయాయి. హైదరాబాద్‌లో ఉద్యోగం, వైశాఖంలో పెళ్లి. లగ్నపత్రిక రాసుకున్నాక అబ్బాయి తరఫు పెద్దావిడ ఒకరు ‘పెళ్లినాటికి అమ్మాయి ముఖం కాస్త శుభ్రం చేయించండమ్మా’ అన్నారట. ఆ ఒక్క మాటతో ఇల్లంతా టెన్షన్. మూడు వారాలే టైముందని అక్కడ ఒక పార్లర్‌లో ప్యాకేజ్ కట్టారు. ‘బ్రైడల్ పీల్’ అని చెప్పి ముఖానికి ఏదో పూశారు. అదేమిటో, ఎంత గాఢతో చెప్పలేదు, సీసా చూపించలేదు. మండుతోందంటే చేతికి చిన్న ఫ్యాను ఇచ్చి, ఎంత మండితే అంత బాగా పనిచేస్తున్నట్టు అన్నారు.

ఆ సాయంత్రానికి ముఖం బిగుసుకుపోయి మెరుస్తోంది. మూడో రోజుకి నోటి పక్కన, గడ్డం మీద చర్మం గోధుమరంగు పొరలుగా లేచింది. నవ్వబోతే పగిలేది. పొట్టు ఊడాక కింద లేత గులాబీ రంగు కనపడితే ఇంట్లో అందరూ సంబరపడ్డారు. ఆ లేత చర్మంతోనే పిల్ల చీరలకీ, జాకెట్లు కుట్టేవాళ్ల దగ్గరికీ, శుభలేఖలు పంచడానికీ నడి వేసవి ఎండలో తిరిగింది. పెళ్లి వారం వచ్చేసరికి చెంప ఎముకల మీద, పైపెదవి పైన బూడిద కలిసిన నలుపు పరుచుకుంది. గుంటలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ‘పెద్దమ్మా, ఇంకా నాలుగు రోజులుంది కదా, పోతుందా?’ అని ఫోన్‌లో ఏడ్చింది. ఆ నలుపు వదలడానికి ఏడాది పైనే పట్టింది.

ఇది ఆ పిల్ల దురదృష్టం అనుకుని వదిలేయగలిగితే ఈ వ్యాసం రాసేదాన్ని కాదు. మన రంగు చర్మానికి దెబ్బ తగిలితే ఇలాగే జరుగుతుంది. దోమ కుట్టినా, వేడి నూనె చిట్లినా, మొటిమ గిల్లినా ముందు ఎర్రబడి, తర్వాత నెలల తరబడి నల్లమచ్చగా ఉండిపోవడం మనందరం చూసిందే. రంగునిచ్చే మెలనిన్‌ని తయారుచేసే కణాలు తెల్లవాళ్లలోనూ మనలోనూ దాదాపు సమానంగానే ఉంటాయి. తేడా అంతా ఆ కణాలు ఎంత చురుగ్గా పనిచేస్తాయి, తయారైన మెలనిన్ చర్మంలో ఎంత విస్తారంగా పరుచుకుంటుంది అన్నదాంట్లోనే ఉంది. మన చర్మంలో వాపు, మంట కలిగితే ఆ కణాలు రెచ్చిపోయి మెలనిన్ ఎక్కువగా తయారుచేస్తాయి. అది పై పొరలోనే ఆగితే కొన్ని నెలలకు పోతుంది. అక్కడినుంచి కింది పొరలోకి జారిందంటే ఆ బూడిద రంగు ఏళ్లకేళ్లు ఉండిపోగలదు.

చర్మవైద్యంలో రంగును లెక్కగట్టే కొలబద్ద ఒకటుంది. హార్వర్డ్ చర్మవైద్యుడు థామస్ ఫిట్జ్‌ప్యాట్రిక్ 1975లో తయారుచేశాడు. ఒక కాంతి చికిత్సలో ఎవరికి ఎంత మోతాదు ఇవ్వాలో తేల్చడానికి, ఎండలోకి వెళితే మీ చర్మం కందుతుందా, నల్లబడుతుందా అని తెల్లవాళ్లను అడిగి చేసిన విభజన అది. అందుకే మొదట్లో అందులో నాలుగు రకాలే ఉన్నాయి. గోధుమ, నలుపు చర్మాలకు అయిదో రకం, ఆరో రకం అని తర్వాత చేర్చారు. తెలుగువాళ్లలో ఎక్కువమంది నాలుగో రకంలోకో అయిదో రకంలోకో వస్తాం. చర్మాన్ని గీకే, కాల్చే, ఊడదీసే చికిత్సలు చాలావరకు ఒకటో రకం, రెండో రకం అనే బాగా తెల్లటి చర్మాల మీద పుట్టి పెరిగినవే. అక్కడ ఒకే సిట్టింగ్‌లో చేసి వదిలేసే లోతు మన ముఖం మీద ప్రమాదం. అందుకని మన దగ్గర తెలిసిన డాక్టర్లు లోతు తగ్గిస్తారు, సిట్టింగ్‌లు పెంచుతారు, మధ్యలో వారాల ఎడం ఇస్తారు. ముహూర్తానికి సరిపడనిది సరిగ్గా ఇదే.

ఏ పీల్ ఏం చేస్తుందో తెలిస్తే ఎవరూ మనల్ని సులువుగా బుట్టలో వేయలేరు. చర్మం పై పొర ఎటూ నాలుగు వారాలకోసారి తనంతట తను మారుతూనే ఉంటుంది. పీల్ ఆ పనిని ఆమ్లంతో తొందరపెడుతుంది. గ్లైకాలిక్ ఆమ్లం చెరకుతో ముడిపడినది. దీన్ని డాక్టర్లు 20 నుంచి 70 శాతం దాకా వాడతారు, టైము చూసుకుని సోడాబైకార్బ్ లాంటి క్షారంతో ఆపేస్తారు. 20, 30 శాతం శాలిసిలిక్ ఆమ్లం జిడ్డు ముఖానికి, మొటిమలు ఇంకా ఉన్నవాళ్లకి నప్పుతుంది. ట్రైక్లోరో ఎసిటిక్ ఆమ్లం, అంటే టీసీఏ, వీటికన్నా మొండిది. చర్మంలోని ప్రోటీన్‌ని గడ్డకట్టించి తెల్లటి మంచులాంటి పూత తేలుస్తుంది. ఒకసారి దిగాక నీళ్లు పోసినా సోడా పోసినా దాని పని ఆగదు. ఇక ఫినాల్ పీల్ అన్నిటికన్నా లోతుగా దిగుతుంది, రక్తంలో కలిసి గుండె లయను కూడా తప్పించగలదు. దాన్ని గుండెను మానిటర్‌లో చూస్తూ చేస్తారు, మన చర్మానికి దాదాపు వాడరు.

ఇలాంటి ఆమ్లాలే ఇప్పుడు ఆన్‌లైన్‌లో చిన్న సీసాల్లో ఇంటికి వచ్చేస్తున్నాయి. డాక్టర్ పర్యవేక్షణ లేకుండా ఇంట్లో వాడటానికి అమ్ముతున్న గాఢమైన పీల్స్ కొనొద్దని, అవి కాలిన గాయాలు చేస్తున్నాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024లో ప్రత్యేకంగా హెచ్చరించింది. ‘మా అమ్మాయి కెమికల్స్ జోలికి పోదు, నిమ్మకాయే రుద్దుతుంది’ అని నిశ్చింతగా ఉండే తల్లులకు కూడా ఒక మాట. నిమ్మరసం పూసుకుని ఎండలోకి వెళితే అందులోని పదార్థాలు సూర్యకాంతితో కలిసి చర్మాన్ని పొక్కించి, చారలు చారలుగా నల్లబరుస్తాయి. వంటింట్లో ఉన్నంత మాత్రాన ఆమ్లం ఆమ్లం కాకుండా పోదు.

ఇప్పుడు అసలు సంగతి. పై పై పీల్ ఎంత బాగా చేసినా గుంట పూడదు. పీల్ వల్ల మచ్చల రంగు తగ్గుతుంది, గరుకుతనం పోతుంది, రంధ్రాలు కాస్త శుభ్రంగా కనిపిస్తాయి, ముఖంలో కొన్ని రోజులు కళ ఉంటుంది. గుంట ఉన్నది అంతకన్నా లోతున, రెండో పొరలో. అక్కడ చర్మాన్ని బిగువుగా పట్టి ఉంచే కొలాజెన్ అనే ప్రోటీన్ చిరిగిపోయి, మళ్లీ అతుక్కునేటప్పుడు చర్మాన్ని లోపలికి లాగేసింది. పైన ఎంత గీకినా లోపలి లాగుడు తగ్గుతుందా?

పెళ్లయి, నలుపు బాగా తగ్గాక మేం ఆ పిల్లని గుంటూరులో ఒక చర్మ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. ఆవిడ చేసిన మొదటి పని గదిలో లైటు తీసేయడం. ఫోన్ టార్చ్ చెవి పక్కన పెట్టి చెంప మీదుగా ఏటవాలుగా వెలుతురు వేశారు. ఎదురు వెలుతురులో కనపడని ఎగుడుదిగుళ్లన్నీ నీడలతో సహా పైకి తేలాయి. తర్వాత రెండు వేళ్లతో చెంపని సాగదీశారు. కొన్ని గుంటలు మాయమైపోయాయి, కొన్ని అలాగే ఉన్నాయి. అద్దం చేతికిచ్చి, ‘ఇవి చూడమ్మా, సాగదీస్తే పోతున్నాయంటే కింద దారాల్లాంటివి పట్టి లాగుతున్నాయి. వాటిని తెంపాలి. ఇవి గట్టి అంచులున్న గుంటలు, లేజర్‌కి కొంత లొంగుతాయి. ఈ సన్నటి, లోతైన చిల్లులున్నాయే, వీటికి లేజర్ పెట్టినా డబ్బు దండగ’ అన్నారు. పార్లర్ వాళ్లు ముఖం మొత్తానికి కలిపి ఒకటే పూశారు. ఆవిడ ఒక్క చెంపలోనే మూడు రకాలు చూపించారు.

ఒక్కోదానికి ఒక్కో పని. లోపలి పట్టు ఉన్న గుంటలకు సబ్‌సిషన్ చేస్తారు. తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి, సూదిని చర్మం కిందికి పంపి ఆ పట్టుని తెంపుతారు. కొద్ది రోజులు కమిలిన నీలం మచ్చలుంటాయి. సన్నటి చిల్లులకు గాఢమైన టీసీఏని పుల్ల కొసతో ఒక్కో చిల్లులో చుక్కగా పెడతారు, చుట్టూ ఉన్న చర్మానికి అంటనివ్వరు. ఒకే ఆమ్లం మొహమంతా పూస్తే ప్రమాదం, చుక్కగా పెడితే వైద్యం. మిగతా గుంటలకు సన్నటి సూదులతో చర్మాన్ని గుచ్చే మైక్రోనీడ్లింగ్ కానీ లేజర్ కానీ. సూదుల కొసల నుంచి రేడియో తరంగాల వేడి పంపే పద్ధతిలో వేడి ఎక్కువగా లోపలే పుడుతుంది, పైనున్న మెలనిన్ జోలికి పెద్దగా పోదు. అందుకే గోధుమ రంగు చర్మానికి దాన్ని ఇష్టపడే డాక్టర్లు ఎక్కువవుతున్నారు.

లేజర్ గురించి కొంచెం ఆగి చెప్పాలనిపిస్తోంది. గుంటలకు ఎక్కువగా వాడే కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ని కనిపెట్టింది మనవాడే. మహారాష్ట్ర బారామతిలో పుట్టి, పుణెలో ఇంజినీరింగ్ చదివిన సి. కుమార్ పటేల్, 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో దాన్ని తయారుచేశాడు. ఆ లేజర్ తరంగదైర్ఘ్యం 10,600 నానోమీటర్లు. దాన్ని నీరు బాగా పీల్చుకుంటుంది. చర్మకణాల్లో ఉన్నది ఎక్కువగా నీరే కాబట్టి తగిలిన చోట చర్మం ఆవిరైపోతుంది. 1990లలో దీంతో ముఖం మొత్తం పై పొరను తీసేసేవాళ్లు. వారాల తరబడి పచ్చిపుండులా ఉండేది, మన రంగువాళ్లకైతే నల్లబడటం, కొన్నిసార్లు తెల్లమచ్చలు పడటం. 2004లో ఫ్రాక్షనల్ పద్ధతి వచ్చాక లెక్క మారింది. పొలమంతా దున్నేయకుండా మొక్కలు నాటడానికి అక్కడక్కడా గుంటలు తీసినట్టు, కంటికి ఆనని సన్నటి నిలువు గీతలుగా మాత్రమే చర్మాన్ని కాలుస్తారు. మధ్యలో వదిలేసిన మంచి చర్మం నుంచి కణాలు వచ్చి గాయాన్ని త్వరగా పూడుస్తాయి. లోపల కొత్త కొలాజెన్ పుడుతుంది.

త్వరగా పూడేది పైన మాత్రమే. కొలాజెన్ పుట్టి, సర్దుకోవడానికి మూడు నెలల నుంచి ఆరు నెలలు పడుతుంది, దాన్ని ఏ మిషనూ తొందరపెట్టలేదు. లేజర్ చేయించుకున్న వారంలో ముఖం నునుపుగా అనిపించడం చాలావరకు వాపు వల్లే. చర్మం ఉబ్బి ఉంటుంది కాబట్టి గుంటలు పైకి తేలినట్టుంటాయి. వాపు తగ్గగానే ‘మళ్లీ వచ్చేశాయి’ అని గోల మొదలవుతుంది. ‘ఆఫ్టర్’ ఫొటో ఎప్పుడు తీశారో అడగండి. ఆరు నెలల తర్వాత, అదే గదిలో, అదే పక్కనుంచి వెలుతురు వేసి తీసిన ఫొటో ఉంటే చూపించమనండి.

మా పిల్లకి లేజర్ చేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. తిమ్మిరి క్రీమ్ దట్టంగా రాసి, పైన పల్చటి ప్లాస్టిక్ కవర్ అతికించి చాలాసేపు కూర్చోబెట్టారు. కళ్లకు లోహపు కప్పులు పెట్టారు. మిషను టక్ టక్ మంటుంటే వెంట్రుక కాలిన వాసన. పొగని పీల్చే గొట్టం ఒకటి నర్సు పట్టుకుని ఉంది. అంతకుముందు నెల నుంచే రాత్రిపూట క్రీములు వాడించి చర్మాన్ని సిద్ధం చేశారు. చెవి వెనక చిన్న చోట పరీక్షగా చేసి, కొన్ని వారాలు ఆగి చూశారు. నోటి దగ్గర జ్వరపు పొక్కులు ఎప్పుడైనా వచ్చాయా అని అడిగి, వచ్చాయంటే ముందుగానే మాత్రలు రాశారు. లేజర్ వేడికి ఆ పొక్కులు తెచ్చే హెర్పిస్ వైరస్ లేచి ముఖమంతా పాకగలదట. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నారా, ఎప్పుడు ఆపారు, గాయం మానితే గడ్డకట్టినట్టు లేచే గుణం ఒంట్లో ఉందా, గర్భం ప్లాన్ చేస్తున్నారా అనీ అడిగారు. పార్లర్‌లో అడిగింది ఒకటే, పెళ్లెప్పుడని.

ఐసోట్రెటినాయిన్ సంగతి పెళ్లికూతుళ్ల తల్లులు గుర్తుపెట్టుకోవాలి. మొండి మొటిమలకు అది గొప్ప మందు, కానీ గర్భంలో బిడ్డకు తీవ్రమైన అవకరాలు తెస్తుంది. మందు ఆపాక కనీసం నెల గడిచేదాకా గర్భం రాకూడదు. పెళ్లికి ముందు ముఖం తేటపడాలని ఈ మాత్రలు మందుల షాపులో అడిగి తెచ్చుకోవడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి అర్థమవుతుంది.

నడి వేసవిలో, మన కోస్తా ఎండల్లో, పెళ్లి పనులతో తిరుగుతూ చర్మం ఊడదీయించుకోవడం తెలిసి తెలిసి మచ్చ తెచ్చుకోవడమే. మూఢం అయిపోగానే ముహూర్తాలన్నీ ఒక్కసారి మీద పడతాయి, పార్లర్లు రోజుకి ఎంతమందినైనా ఎక్కించుకుంటాయి. ఎండతోనే పోదు కూడా. కంటికి కనిపించే మామూలు వెలుతురు సైతం గోధుమ రంగు చర్మాన్ని నల్లబరుస్తుందని పరిశోధనల్లో తేలింది. ఆ వెలుతురుని తెల్లటి సన్‌స్క్రీన్ పెద్దగా ఆపలేదు. ఐరన్ ఆక్సైడ్ కలిపిన, చర్మం రంగులో ఉండే సన్‌స్క్రీన్ ఆపుతుంది. మంగు ఉన్నవాళ్లకి పొయ్యి వేడి కూడా పడదు. మంగుని లేజర్‌తో కాల్చేస్తామనేవాళ్ల దగ్గరికి అసలు వెళ్లకండి. వేడి తగిలితే అది తగ్గినట్టే తగ్గి, ఇంకా ముదురుగా తిరిగొస్తుంది.

ఇక తెలుపు. ప్యాకేజ్‌లో నునుపుతో పాటు దాన్ని కట్టిపెట్టడం వల్ల జరిగే నష్టం పీల్ కన్నా పెద్దది. ‘పీల్ తర్వాత రోజూ రాయండి’ అని ఇచ్చే లేబుల్ లేని డబ్బా క్రీముల్లో, మందుల షాపుల్లో చేతికిచ్చే ట్యూబుల్లో చాలాసార్లు ఉండేది స్టెరాయిడ్. బీటామెథాసోన్, క్లోబెటసోల్, మోమెటసోన్, లేదా మోమెటసోన్‌తో రంగు తగ్గించే హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ అనే మందులు కలిపిన ట్యూబు. వారంలో ముఖం తెల్లగా, నున్నగా మెరుస్తుంది. నెలలు గడిచేసరికి చర్మం పల్చబడి ఎర్ర నరాలు తేలతాయి, మీసాల దగ్గర వెంట్రుకలు పెరుగుతాయి, మొటిమలు గుంపులుగా లేస్తాయి. ఆపితే ముఖం మంటపెట్టినట్టు ఎర్రబడుతుంది, అందుకని మళ్లీ రాస్తారు. మన చర్మవైద్యులు దీనికి స్టెరాయిడ్‌తో దెబ్బతిన్న ముఖం అని ఒక జబ్బు పేరే పెట్టారు. 2011లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, ముఖం మీద సమస్యలతో వివిధ నగరాల చర్మ ఓపీలకు వచ్చిన దాదాపు 3,000 మందిని చూస్తే నూటికి 15 మంది స్టెరాయిడ్ క్రీములు పూస్తున్నారు. 2018లో కేంద్రం ఇలాంటి క్రీముల్ని చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్ జాబితాలో చేర్చింది. ఈ రోజు సాయంత్రం మీ వీధి చివర మందుల షాపుకి వెళ్లి అడిగి చూడండి, ఎంతమంది చీటీ అడుగుతారో తెలుస్తుంది.

ఇలా పల్చబడ్డ చర్మం మీద పీల్ వేస్తే అది అనుకున్న దానికన్నా లోతుకు దిగిపోతుంది. తెలుపు కోసం రాసిన క్రీము నునుపు కోసం చేసే వైద్యాన్ని పాడు చేస్తుందన్నమాట. నాకు దీంట్లో మరీ బాధ కలిగించేది మన ఇళ్లలో ఈ రెంటినీ విడదీసి చూడలేకపోవడం. గుంటలు ఒక గాయపు గుర్తు. గాయానికి వైద్యం అడగొచ్చు. చామనఛాయ గాయం కాదు, దానికి వైద్యం లేదు, అక్కర్లేదు. డాక్టర్ దగ్గర కూర్చుని ‘గుంటలతో పాటు కొంచెం కలర్ కూడా చూడండి మేడం’ అని మా చెల్లెలు అంటే నేను అక్కడే ఆపాను. డాక్టరమ్మ కూడా ‘కలర్ మందు నా దగ్గర లేదండి’ అన్నారు. అలా అనే డాక్టర్ దొరికితే వదులుకోకండి.

దొరకడం ఎలా అంటారా? బోర్డు మీద ‘కాస్మెటాలజిస్ట్’ అని ఉంటే చాలదు. ఎండీ డీవీఎల్, డీడీవీఎల్, డీఎన్‌బీ లాంటి చర్మవైద్యపు చదువు ఉందో లేదో చూడాలి. 2022లో జాతీయ వైద్య కమిషన్ ఇలాంటి సౌందర్య చికిత్సల గురించి చెబుతూ వర్క్‌షాపుల్లోనూ యూట్యూబ్‌లోనూ చూసి నేర్చుకున్నది సరిపోయే శిక్షణ కాదని స్పష్టంగా రాసింది. సీసా పేరు, గాఢత అడగండి, మిషను పేరు అడగండి, చేసేది డాక్టరా, సహాయకురాలా అడగండి. నల్లబడితే ఏం చేస్తారో ముందే అడగండి. ‘అలా ఎవరికీ అవ్వలేదు’ అన్నారంటే లేచి వచ్చేయొచ్చు. మా డాక్టరమ్మ సగం తగ్గితే మంచి ఫలితం అనుకోండి అని మొదటి రోజే చెప్పారు. ఇప్పుడు ఆ పిల్ల ముఖం అలాగే ఉంది, సుమారు సగం. టార్చ్ పక్కనుంచి వేస్తే గుంటలు కనపడతాయి, ఎదురుగా కూర్చుని మాట్లాడితే కనపడవు. ఆ పిల్లకి అది చాలు.

మరి పెళ్లి దగ్గర పడితే ఏం చేయాలి? ఏడాది టైముంటే డాక్టర్ దగ్గర మొదలుపెట్టండి. నెలల్లోకి వచ్చేస్తే మొటిమలు తగ్గించే మందులు, సన్‌స్క్రీన్ వరకు చాలు. వారాల్లోకి వస్తే కొత్తగా ఏదీ ముఖానికి తగలనివ్వకండి, సబ్బు కూడా మార్చకండి. మంచి మేకప్ ఆర్టిస్టుని మాట్లాడుకోండి. పెళ్లినాటి పొద్దున సున్నిపిండితో నలుగు మామూలుగానే పెట్టుకోండి, చెంపలని మాత్రం గట్టిగా రుద్దనివ్వకండి.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది మాత్రం పెళ్లికి పదేళ్ల ముందు జరిగేది. మన పిల్లలకి మొటిమలు ముదిరే వయసూ, వాళ్లు ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీల్లో ఉండే వయసూ ఒకటే. పొద్దున చీకటితో లేచి రాత్రిదాకా స్టడీ అవర్లు, నిద్ర తక్కువ, ఔటింగ్ ఎప్పుడో. ముఖం చీము పట్టి ఉన్నా ‘వయసు పొంగు, అదే పోతుంది’ అని ఫోన్‌లో చెప్పి పెట్టేస్తాం. మొటిమ పోతుంది నిజమే, గుంట ఉండిపోతుంది. వైద్యం ఎంత ఆలస్యమైతే గుంటలు పడే అవకాశం అంత ఎక్కువ. తర్వాత వేలకు వేలు పోసి లేజర్ చేయించినా సగమే తగ్గే ఆ గుంట అప్పుడు కొన్ని వందల రూపాయల మందుతో పడకుండా ఆగేది. అడాపలీన్, బెంజాయిల్ పెరాక్సైడ్ లాంటి జెల్‌లు దశాబ్దాలుగా వాడుకలో ఉన్నవే. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల చర్మవ్యాధుల ఓపీలో కూడా మొటిమలు చూస్తారు. జూన్‌లో పిల్లని హాస్టల్‌లో దింపబోయే ముందు ఒక్కసారి చర్మ డాక్టర్‌కి చూపించి, ఆ ట్యూబు ఎలా రాయాలో పిల్లకే నేర్పించి పంపండి. మొదట్లో చర్మం పొడిబారుతుంది, ఫలితం కనపడటానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది, మధ్యలో మానకూడదని ముందే చెప్పండి. బెంజాయిల్ పెరాక్సైడ్ తగిలితే రంగు బట్టలు తెల్లమచ్చలు పడతాయి కాబట్టి తువ్వాలూ దిండు గలేబులూ తెల్లవి పెట్టండి. దసరా సెలవులకి ఇంటికి వచ్చినప్పుడు మళ్లీ ఒకసారి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.